జిగురు పట్టని బంపర్

కారు బంపర్ చీలిందంటే చాలామంది ముందు వెతికేది ఫెవిక్విక్‌నో, ఎం-సీల్‌నో. నాలుగు రోజుల్లో అది కాస్తా ఊడిపోతుంది. ప్లాస్టిక్ అతకదని తేల్చేసి కొత్త బంపర్‌కు డబ్బు కట్టేస్తారు. ఆ మాటలో సగమే నిజం. జిగురుకు లొంగని ఆ ప్లాస్టిక్కే వేడికి ఇట్టే లొంగుతుంది. ఇంట్లో బాగుచేయగలమా లేదా అన్నది చేతి పనితనం దాకా రాకముందే, ఆ ముక్క ఏ పదార్థం అన్న దగ్గరే సగం తేలిపోతుంది.

అంబాసిడర్ బంపర్ ఉక్కుది. సొట్ట పడితే సుత్తితో సరిచేసేవారు. ప్లాస్టిక్ బంపర్‌కు పేరు తెచ్చిన కారు 1972లో ఫ్రాన్సులో వచ్చిన రెనో 5. దానికి వాడింది గాజునార కలిపిన పాలియెస్టర్. అది థర్మోసెట్ జాతి: ఒకసారి గట్టిపడితే అణువుల గొలుసుల మధ్య అడ్డబంధాలు పడిపోతాయి, ఆపైన ఎంత వేడిచేసినా మాడుతుందే తప్ప కరగదు. తూర్పు జర్మనీ ట్రాబంట్ కారు ఒంటికి వాడిన డ్యూరోప్లాస్ట్ కూడా ఆ జాతిదే. అలాంటివాటికి గాజునార గుడ్డ పరిచి రెజిన్ పుయ్యడమే దారి. ఈలోగా మరో పదార్థం ఎదుగుతూ వచ్చింది. కార్ల్ జీగ్లర్ కనిపెట్టిన ఉత్ప్రేరకాల బాటలో నడిచి, 1954లో మిలాన్‌లో జూలియో నట్టా క్రమమైన అమరిక గల పాలీప్రొపిలీన్ తయారుచేశాడు. 1963 రసాయనశాస్త్ర నోబెల్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. ఒంటరిగా అది చలికి పెళుసుబారుతుంది. రబ్బరు కలిపితే ఆ జబ్బు తగ్గుతుంది, టాల్క్ పొడి కలిపితే బిగువు వస్తుంది. చవక, తేలిక, చిన్న దెబ్బకు వంగి మళ్లీ లేచే గుణం: ఈ మూడింటితో బంపర్ల లోకాన్ని చాలావరకు ఆ మిశ్రమమే ఆక్రమించింది.

పాలీప్రొపిలీన్ గొలుసంతా కార్బన్, హైడ్రోజన్లే. జిగురు పట్టుకోవడానికి అందులో ఆసరా లేదు. దాని ఉపరితల శక్తి మీటరుకు సుమారు 30 మిల్లీన్యూటన్లు. ఎపాక్సీ ద్రవానిది 40 పైమాటే. అందుకే తామరాకు మీది నీటిబొట్టులా ఎపాక్సీ దాని మీద పరుచుకోదు, ఆరాక గోటికే పెచ్చుగా లేస్తుంది. అదే ప్లాస్టిక్‌ను 165 డిగ్రీల సెల్సియస్ దాటించండి, రెండు అంచుల గొలుసులూ హద్దు దాటి ఒకదాంట్లోకి ఒకటి పాకి చిక్కుపడతాయి. పొడవాటి గొలుసులు పాకే ఈ తీరుకు 1971లో సిద్ధాంతం కట్టిన పియర్ జిల్ ద జెన్‌కు 1991లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నవాళ్లకు ఇందులో దొరికే పాఠం ఒకటే: పాకడానికి వ్యవధి కావాలి. పైపైన కరిగించి వదిలేసిన అతుకు చూపుకు బాగానే ఉండి, బిగించేటప్పుడు విడిపోతుంది.

పని మొదలయ్యేది బంపర్ లోపలివైపు చదవడంతో. పీపీ ప్లస్ ఈపీడీఎం, టీడీ20 అని అచ్చు పోసి ఉంటే పాలీప్రొపిలీన్, రబ్బరు, నూటికి ఇరవై పాళ్లు టాల్క్ అని. ముక్క నీళ్లలో తేలితే పీపీ అని ఒక చిట్కా చెబుతారు గానీ, ఇంత టాల్క్ ఉన్నది మునుగుతుంది. అచ్చునే నమ్మడం మేలు. ఏబీఎస్ అని ఉంటే కథ వేరు. అది ఎసిటోన్‌లో కరుగుతుంది కాబట్టి దాని తునకలనే నానబెట్టిన ముద్దతో అతికించవచ్చు. పీపీకి మాత్రం వేడే మందు. చీలిక కొసన చిన్న రంధ్రం వేస్తే ఒత్తిడి ఒక్క మొన మీద పడక చీలిక ముందుకు సాగదు. లోపలివైపు వి ఆకారపు గాడి చెక్కి, అదే రకం ప్లాస్టిక్ పుల్లను గాడిలోకి కరిగిస్తూ, ఐరన్ మొనతో రెండు అంచులనూ కలిపి పిసకాలి. వెనక స్టీలు జాలీ ముక్క వేడిగా ఉండగానే దిగేసి, దాని మీద మరో పొర ప్లాస్టిక్ కప్పాలి. పొగ లేస్తుంటే గొలుసులు తెగుతున్నాయని అర్థం, వేడి తగ్గించాలి. గాలి ఆడేచోటే ఈ పని పెట్టుకోవాలి.

అతుకు కొత్తదానంత బలంగా ఉంటుందా అని అడగవచ్చు. సాధారణంగా ఉండదు. కానీ మనకు కనబడే బంపర్ పైతొడుగు మాత్రమే. గుద్దుకున్నప్పుడు దెబ్బ కాసేది ప్రధానంగా దాని వెనకున్న లోహపు దూలం, నురుగు దిమ్మె. తొడుగు అతుకుకు కావలసింది కుదుపులకూ గాలికీ ఆగడమే. కొత్తది కొనుక్కుంటే పోతుంది కదా అనే వాదన బంపర్‌కు కొంత చెల్లినా, హెడ్‌లైట్‌కు అస్సలు చెల్లదు. బిగించే చెవి ఒక్కటి విరిగినందుకు దీపం మొత్తం మార్చడం దుబారా. కొన్ని కంపెనీలే ఆ చెవులను మరమ్మతు కిట్లుగా విడిగా అమ్ముతాయి.

భద్రత గురించిన అభ్యంతరాన్ని మాత్రం తోసిపుచ్చలేం. రేడియేటర్ ట్యాంకు తరచూ గాజునార కలిపిన నైలాన్‌తో చేస్తారు. కరిగించి అతికినా గాజునారలు అతుకును దాటి అటువైపు పోవు. వేడి నీటి ఒత్తిడినంతా ఉత్త నైలాన్ మొయ్యాలి. పెట్రోలు ట్యాంకు, ఎయిర్‌బ్యాగ్ మూత జోలికి ఇంట్లో పోనే కూడదు. బంపర్‌లోనే మరో నిషిద్ధ స్థలం కొత్తగా వచ్చింది. వెనక రాడార్ దాగి ఉన్నచోట అదనంగా పడిన ప్లాస్టిక్ పొర, మందపు రంగు కూడా తరంగాలను వక్రీకరించగలవు, లోహపు జాలీ అయితే సూటిగా అడ్డుకుంటుంది. అందుకే ఆ భాగంలో అతుకులు వద్దని చాలా కంపెనీలు తమ మరమ్మతు సూచనల్లోనే రాస్తున్నాయి.