పడకగదిలో ప్లగ్గు పాయింట్లు: అపోహలు – వాస్తవాలు

పడకగదిలో ప్లగ్గు పాయింట్లు ఎలా ఉండాలో భారతీయ ప్రమాణాలూ, కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 భద్రతా నిబంధనలూ చెబుతున్నాయి. కృష్ణా డెల్టాలోని కంకిపాడు చుట్టుపక్కల కొత్త ఇళ్ళలో స్విచ్‌బోర్డుల అందానికి లోటుండదు. లోపల వైరింగు మాత్రం చాలాచోట్ల నమ్మకాల మీదే నడుస్తుంది.

అపోహ: ఎంసీబీ ఉంటే షాక్ కొట్టదు.

ఎంసీబీ కాపాడేది వైరును, మనిషిని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ అంతకు మించి కరెంటు పారితేనే పడిపోతుంది. ప్రాణం మీదికి రావడానికి అందులో ఐదు వందలో వంతు చాలు. అంత చిన్న లీకును పట్టేది ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్ళిన కరెంటుకూ న్యూట్రల్‌లో తిరిగొచ్చినదానికీ తేడా వస్తే 0.3 సెకన్లలోపు సరఫరా ఆపేస్తుంది. 2 కిలోవాట్లు, ఆపైన లోడున్న ఇళ్ళకు 30 మిల్లీఆంపియర్లకు మించని ఆర్‌సీసీబీ ఉండాలన్నది నిబంధన. ఏసీ, గీజరు ఉన్న ఇల్లు ఆ హద్దు దాటినట్టే.

అపోహ: న్యూట్రలూ ఎర్తూ ఒకటే.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర రెండూ కలుస్తాయి గనుక పుట్టిన నమ్మకమిది. దీన్ని పట్టుకునే కొందరు సాకెట్లోనే ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు ముక్క వైరుతో కలిపేస్తారు. టెస్ట్ ల్యాంపు వెలుగుతుంది, యజమాని సంతృప్తి పడతాడు. గాలివానకు స్తంభం నుంచి వచ్చే న్యూట్రల్ తెగిందా, నడుస్తున్న ఫ్యాను గుండానో టీవీ గుండానో ఫేజు ఆ ముక్క వైరులోకి వచ్చి కూలరు రేకుకు పాకుతుంది. పాడైన వస్తువంటూ ఏదీ లేకుండానే షాక్ కొడుతుంది. ఇంతకన్నా ప్రమాదకరమైన పొదుపు వైరింగులో లేదు. ప్రతి సాకెట్‌కూ ఎర్త్ గుంత నుంచి వేరే ఆకుపచ్చ వైరు రావాలి.

అపోహ: డెల్టా తడినేలలో ఎర్త్ ఎప్పుడూ బాగుంటుంది.

సగం నిజం. తడి నల్లరేగడిలో కరెంటు తేలిగ్గా దిగుతుంది. ఎండాకాలం అదే నేల నెర్రెలిచ్చి ఎర్త్ గుంతలోని పైపును వదిలేస్తుంది. గుంతలో నీళ్ళు పోయాల్సింది అప్పుడే.

అపోహ: ఏసీకి ఎక్స్‌టెన్షన్ బాక్సు చాలు.

టన్నున్నర ఏసీ 7, 8 ఆంపియర్లు లాగుతుంది. బాక్సులోని 6 ఆంపియర్ల సాకెట్ వేడెక్కి కరిగిపోతుంది. 16 ఆంపియర్ల సాకెట్, దానికి విడిగా వైరు, ఎంసీబీ కావాలి.

అపోహ: అమెరికా పడకగదుల్లో పెట్టే పరికరం తెస్తే ఆర్‌సీసీబీ అక్కర్లేదు.

అక్కడి విద్యుత్ కోడ్ 2002 నుంచి పడకగదులకు తప్పనిసరి చేసిన ఏఎఫ్‌సీఐ వదులు వైర్ల దగ్గర లేచే రవ్వలను పసిగట్టి మంటలను ఆపేది. షాక్ ఆపడం దాని పని కాదు.

ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది. నొక్కినప్పుడు సరఫరా ఆగకపోతే దాన్ని వెంటనే మార్పించాలి.