మైకు వైరూ దాని పురీ

వెలిగండ్ల, కనిగిరి, పామూరు వైపు తిరునాళ్ళలో పద్యనాటకం మొదలైతే తెల్లవారుజాము దాకా నడుస్తుంది. తెర దించాక జనం దుప్పట్లు దులుపుకుని ఇళ్ళకు వెళ్ళిపోతారు. మైకు సెట్టు కుర్రాళ్ళకు మాత్రం పని అప్పుడే మొదలవుతుంది. హారన్లు దించాలి, ఆంప్లిఫయర్ సర్దాలి, స్టేజీ మీద పరిచిన వైర్లన్నీ చుట్టాలి. నిద్రకళ్ళతో అరచేతికీ మోచేతికీ మధ్య గబగబా చుట్టి గోనెసంచిలో కుక్కిన వైరు, మర్నాడు ఇంకో ఊళ్ళో బయటికి తీస్తే పీటముళ్ళతో వస్తుంది. అశ్రద్ధ అని కుర్రవాణ్ణి తిడతారు. చిక్కుకు మూలం అశ్రద్ధ కన్నా ఎక్కువగా ఆ చుట్టే తీరులోనే ఉంది.

ఈ వైరు పుట్టిల్లు టెలిఫోన్. 1876లో గ్రాహం బెల్ టెలిఫోన్‌కు పేటెంటు పొందాడు. పక్కనే పోయే ఇతర తీగల రొద మాటల్లో కలుస్తుంటే, రెండు తీగల్ని ఒకదానికొకటి మెలేసి నడిపితే ఆ రొద తగ్గుతుందని చూపి, 1881లో దానికీ పేటెంటు తీసుకున్నాడు. రొద రెండు తీగల మీదా సమానంగా పడుతుంది కాబట్టి, అవతలి కొసన ఒకదాన్నుంచి ఇంకొకటి తీసేస్తే పాట మిగిలి రొద పోతుంది. ఇప్పటి మైకు వైరులో జరిగేదీ ఇదే. మన దుకాణాల్లో పి-38 అని అడిగే పావు అంగుళం పిన్ను కూడా, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఎక్స్ఛేంజిలో ఆపరేటర్లు ఒక లైనును మరో లైనుకు కలిపిన పిన్నే. మూడు సూదుల ఎక్స్ఎల్ఆర్ పిన్ను తర్వాత వచ్చింది. జేమ్స్ కేనన్ 1915లో లాస్ ఏంజెలెస్‌లో పెట్టిన కంపెనీ దాన్ని తయారుచేసింది.

ఇంత తెలివి లోపల దాచుకున్న వైరు, సంచిలో పడగానే ఎందుకు ముడిపడుతుంది? శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డోరియన్ రేమర్, డగ్లస్ స్మిత్ అనే ఇద్దరు ఒక దారాన్ని పెట్టెలో వేసి, పెట్టెను గిరగిరా తిప్పి చూశారు. అలా 3,415 సార్లు చేశారు. వాళ్ళ ఫలితాలు 2007లో అచ్చయ్యాయి. కొన్ని సెకన్లలోనే ముడులు పడ్డాయి, రకరకాల ముడులు. దారం అరమీటరు కన్నా పొట్టిగా ఉంటే దాదాపు పడలేదు. పొడవు పెరిగేకొద్దీ పడే అవకాశం పెరిగింది, బిరుసు దారంలో తగ్గింది. మైకు వైరు పది, పదిహేను మీటర్లు. ఊరూరా ఆటోలో ఊగుతూ తిరిగే సంచిలో వదులుగా పడేస్తే ముడి పడక ఏం చేస్తుంది!

సంచి ఒక సగమే. రెండో సగం పురి. కత్తాళనారతో తాడు పేనిన రైతుకు తెలుసు, పురి ఎక్కువైతే తాడు తనంతట తానే కొంకర్లు పోతుంది. వైరును ఒకే వైపుకు చుట్టి, చుట్టనలాగే ఉంచి కొస పట్టుకుని లాగితే, ఒక్కో చుట్టూ ఒక్కో పూర్తి మెలికగా మారుతుంది. 35 సెంటీమీటర్ల వెడల్పు చుట్టలో పదిహేను మీటర్ల వైరు దాదాపు 14 చుట్లు పడుతుంది. అంటే 14 మెలికలు. చుట్టుగా ఉన్నది మెలికగా, మెలికగా ఉన్నది చుట్టుగా మారగలదని, కానీ రెండింటి మొత్తం చెక్కుచెదరదని రుమేనియా గణితవేత్త గియోర్గె కలుగరేయాను 1961లో రుజువు చేశాడు. డీఎన్ఏ పోగుల్ని చదివే శాస్త్రజ్ఞులకు ఆ సూత్రం ఈనాటికీ పనికొస్తోంది. మైకు వైరుకూ అదే లెక్క.

మెలికలు పోగైతే లోపలి రాగిపోగులు, వాటి చుట్టూ ఉన్న అల్లిక ఒకచోట బిగుస్తాయి, ఒకచోట వదులవుతాయి. అల్లిక విడిపోయిన చోట గుయ్‌మనే హోరు చొరబడుతుంది. మోచేతి చుట్టలో మడత చిన్నది కాబట్టి పోగులు ఇంకా తొందరగా తెగుతాయి. పిన్ను దగ్గర సోల్డరింగు ఊడిపోవడం ఆఖరి మెట్టు.

విరుగుడు తేలిక. మొదటి చుట్టు మామూలుగా, వైరును వేళ్ళ మధ్య కొద్దిగా దొర్లిస్తూ వేయాలి. రెండో చుట్టుకు మణికట్టు లోపలికి తిప్పి, వైరు చుట్టకు వెనకవైపు నుంచి వచ్చేలా వేయాలి. మూడోది మళ్ళీ మామూలుగా. ఒకటి పెట్టిన పురిని రెండోది విప్పేస్తుంది, మొత్తం సున్నా. ఒక కొస పట్టుకుని చుట్టను విసిరితే వైరు స్టేజీ పొడవునా సాఫీగా పరుచుకుంటుంది. ఒక్కటే జాగ్రత్త. విప్పేటప్పుడు కొస చుట్ట మధ్యలోంచి దూరితే, తిరగేసి వేసిన ప్రతి చుట్టూ ఒక ముడి అవుతుంది, వరసగా అరడజను ముడులు. అందుకే చుట్టడం అయిన వెంటనే కొసల్ని బయటివైపే ఉంచి గుడ్డ పీలికతో కట్టాలి. కొత్తగా చేరిన కుర్రవాడికి ఆంప్లిఫయర్ బటన్లు చూపించే ముందు ఈ చుట్ట నేర్పాలని నా గట్టి అభిప్రాయం. ఒక్క పూటలో వచ్చే విద్య, వైరు ఏళ్ళ తరబడి మన్నుతుంది.

గుడి దగ్గర నుంచి ఊరి చివరి హారన్ దాకా లాగే పొడవాటి లైన్లకు మాత్రం చేతిచుట్ట చాలదు. వాటికి గిరక కావాలి. గిరకే తిరుగుతూ వైరును చుట్టుకుంటుంది కాబట్టి పురి ఎక్కదు. విప్పేటప్పుడూ గిరకను తిరగనివ్వాలి. దాన్ని పక్కకు పడుకోబెట్టి కొస లాగితే చుట్టుకో మెలిక చొప్పున మళ్ళీ మొదటికొస్తుంది.