ఉయ్యాల తాడూ... కొత్త ఫ్యానూ!

ఈ మధ్య ఫ్యాన్ల దుకాణానికి వెళితే ‘బీఎల్‌డీసీ’ అన్న మాట వినకుండా బయటికి రాలేం. “కరెంటు సగం కూడా కాలదమ్మా” అంటాడు షాపతను. ధర చూస్తే మామూలు ఫ్యాను కంటే బాగా ఎక్కువ. ఆదా ఎలా అవుతుందయ్యా అంటే “అదంతా టెక్నికల్ అమ్మా, మీకెందుకు!” అని రిమోట్ చేతిలో పెడతాడు. డబ్బు మనదైనప్పుడు సంగతి కూడా మనకి తెలియొద్దూ?

మా ఇంట్లో కొత్త ఫ్యాను బిగించిన రోజే అత్తయ్య పట్టేశారు. “ఏమ్మా, స్విచ్చి వేయగానే కాస్త వెనక్కి కదిలి, ఆ తర్వాత ముందుకి తిరుగుతోందేమిటి? చెడిందేమో చూడు” అన్నారు. చెడలేదు. ఆ చిన్న తడబాటులోనే ఈ మోటారు కిటుకంతా ఉంది.

మామూలు ఫ్యాను మోటారులో అయస్కాంతం ఉండదు. తిరిగే భాగంలో అయస్కాంత శక్తిని కూడా కరెంటే పుట్టించాలి. ఆ పనిలో కొంత కరెంటు వేడి రూపంలో వృథా అవుతుంది. కొత్తరకం ఫ్యానులో తిరిగే భాగానికి శాశ్వత అయస్కాంతాలు అమర్చి ఉంటాయి. వాటి మధ్యలో కదలకుండా తీగచుట్టలు మూడు వరసలుంటాయి. ఏ క్షణాన ఏ వరసకి కరెంటు పంపాలో ఫ్యానులోని చిన్న సర్క్యూట్ బోర్డు చూసుకుంటుంది.

మరి అయస్కాంతం ఎక్కడుందో బోర్డుకి తెలిసేదెలా? కొన్ని మోటార్లలో అందుకోసం సెన్సర్లు పెడతారు. వాటికి ఖర్చు, అదనపు వైర్లు, చెడిపోయే భయం. ఫ్రిజ్ కంప్రెసర్ లాంటి చోట వేడిలో, నూనెలో, మూసేసిన డబ్బాలో సెన్సర్ పెట్టడం మరీ కష్టం. అందుకే ఇన్వర్టర్ ఫ్రిజ్‌లలో, చాలా బీఎల్‌డీసీ ఫ్యాన్లలో సెన్సరే లేకుండా పని కానిస్తారు.

ఎలాగంటారా? వంటింట్లో కూర కలుపుతూ, పక్కగదిలోని ఉయ్యాల తాడు లాగే అమ్మని తలచుకోండి. ఆమెకి ఉయ్యాల కనపడదు. అయినా తాడు బిగువు చేతికి తెలుస్తూనే ఉంటుంది. సరిగ్గా అదను చూసి లాగుతుంది. బోర్డు చేసేదీ అదే! తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే అందులో కరెంటు పుడుతుందని ఫారడే 1831లోనే చూపించాడు. మూడు వరసల్లో రెండింటికి కరెంటు వెళుతుంటే మూడోది ఖాళీగా ఉంటుంది. అందులో పుట్టే వోల్టేజిని చూసి, అయస్కాంతం ఎక్కడిదాకా వచ్చిందో బోర్డు పసిగడుతుంది.

కానీ ఉయ్యాల ఆగి ఉంటే తాడు ఏం చెబుతుంది? ఫ్యానూ అంతే. ఆగి ఉన్నప్పుడు ఏ వోల్టేజీ పుట్టదు. కాబట్టి మొదట గుడ్డిగా ఒక తోపు తోసి, వేగం అందుకున్నాకే ‘వినడం’ మొదలుపెడుతుంది. అత్తయ్య చూసిన తడబాటు అదన్నమాట!

ఇక లెక్కకొద్దాం. మామూలు ఫ్యాను ఫుల్ స్పీడులో సుమారు 75 వాట్లు, ఇది సుమారు 30 వాట్లు తీసుకుంటాయి. రోజుకి 15 గంటలు తిరిగితే నెలకి 20 యూనిట్లు మిగులుతాయి. అలాంటివి మూడుంటే 60 యూనిట్లు. బిల్లు పై స్లాబుకి పోకుండా ఆపడానికి అది చాలొచ్చు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది. అదే రోజుకి రెండు గంటలు తిరిగే గదిలో అయితే మిగిలేది నెలకి మూడు యూనిట్లు కూడా కాదు. అక్కడ పాత ఫ్యాను బాగుంటే మార్చనక్కర్లేదు.

కొనేముందు గుర్తుంచుకోవలసినవి మరికొన్ని ఉన్నాయి. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకి స్టార్ లేబుల్ తప్పనిసరి. అది చూసి తీసుకోండి. స్పీడు మార్చే పని బోర్డే చేస్తుంది కాబట్టి గోడమీది పాత రెగ్యులేటర్‌ని ఎలక్ట్రీషియన్ చేత తీయించేయండి. అన్నిటికన్నా ముఖ్యం బోర్డు సంగతి. మామూలు ఫ్యాను ఆగితే వీధి చివరి మెకానిక్ కెపాసిటర్ మార్చో, చుట్టలు చుట్టో గంటలో తిప్పేసేవాడు. దీని బోర్డు పోతే చాలాసార్లు బోర్డే మార్చాలి. చిన్న ఊళ్లలో అది దొరకడానికి రోజులు పట్టొచ్చు, మండుటెండల్లో!

అందుకే షాపతను రిమోట్ చూపిస్తుంటే మనం అడగవలసింది ఇది: “బోర్డుకి ఎన్నేళ్ల గ్యారంటీ? అది మా ఊళ్లో దొరుకుతుందా?” జవాబు బిల్లు మీద రాయించుకున్నాకే డబ్బు తీయండి.