అనుదిన ధ్యానము: దాని నభ్యసించు విధము



గత సంవత్సరము తొమ్మిదవ తరగతి బాలుడొకడు పాఠము ముగిసిన పిమ్మట నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, కన్నులు మూసికొన్నచో నా మనస్సు ప్రార్థనయందు నిలువక క్రికెట్టు మైదానమునకు పరుగెత్తుచున్నది. నాకు ధ్యానము పట్టువడదా?" అని యడిగెను. ఈ ప్రశ్న వానిది మాత్రమే కాదు, మన యందఱిదియు. కావున నాకు తెలిసిన సమాధానము నిచట వ్రాయుచున్నాను.

ధ్యానమనగా మనస్సును శూన్యము చేయుట యని కొందఱు తలంతురు. నేనెఱిగిన ధ్యానము, ఒక మంచి విషయమును మనస్సున నిలిపి శాంతముగా తలపోయుట. మనస్సు తొలగిపోవును, దానిని మరల తెచ్చుకొనవలెను. త్రాడు విడిపించుకొని పోయిన లేగదూడను కాపరి కొట్టక, మెల్లగా గుంజ యొద్దకు తోలుకొని వచ్చునుగదా! ఆ తోలుకొని వచ్చుటయే అభ్యాసము.

ఇస్సాకు సాయంకాలమున పొలములో ధ్యానించెనని ఆదికాండము చెప్పుచున్నది. దానియేలు యెరూషలేము తట్టు కిటికీలు తెఱచియున్న తన గదిలో దినమునకు ముమ్మారు మోకాళ్లూని ప్రార్థించెను. ఆయనకు స్థలమును నిశ్చితమే, వేళయు నిశ్చితమే. మన పొరుగువారి సంధ్యావందనమునకును, ఐదు వేళల నమాజునకును గూడ కాలనియమము కలదు. మనస్సునకు ఇష్టము పుట్టినప్పుడు చేయుదమన్నచో, ఆ ఇష్టము పుట్టు దినములు మిక్కిలి తక్కువ.

నేను ఉపాధ్యాయ శిక్షణ పొందు కాలమున, వేకువ నాలుగు గంటలకు లేచి ఒక గంట ధ్యానింతునని తీర్మానించుకొంటిని. తొమ్మిది దినములు సాగెను. పదియవనాడు మెలకువ రాలేదు. సిగ్గుపడి పూర్తిగా విడిచిపెట్టితిని. అట్లు ఏడేండ్లు గడచిపోయినవి. నా తప్పు ఒకనాడు నిద్రించుట కాదు. ఒకనాడు తప్పినందున సమస్తమును విడుచుట.

అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్సు 1890లో ప్రకటించిన మనశ్శాస్త్ర గ్రంథములో, క్రొత్త అలవాటు వేరూనువఱకు ఒక్కసారియైనను తప్పరాదని బోధించెను. అది మేలైన హెచ్చరికయే. అయినను లండను యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీయు, ఆమె సహచరులును 96 మందిని 12 వారములు పరిశీలించి 2009లో ప్రకటించినదేమనగా, ఒకనాటి తప్పిదముచేత అలవాటు చెడిపోదు. అది స్థిరపడుటకు మనిషిని బట్టి 18 మొదలు 254 దినముల వఱకు పట్టుననియు, నడిమి లెక్క 66 దినములనియు తేలినది. వారు చూచినవి తిండి, పానీయము, వ్యాయామము వంటి చిన్న అలవాట్లు. కావున ఇరువదియొక దినములలో సర్వము అలవడునను మాట నమ్మి నిరాశపడకుడు.

ఇక విధము చెప్పెదను. ఒకటి, పది నిమిషములతో ప్రారంభింపుడు. రెండు, ఇదివఱకే తప్పక చేయు పనికి దీనిని ముడివేయుడు. పండ్లు తోముకొనిన వెంటనే, సెల్‌ఫోను ముట్టకమునుపే కూర్చుండుడు. మన సుబేదారిలో ప్రొద్దెక్కినకొలది వీథిలో బండ్ల రొద హెచ్చును. గనుక ముందుగా కూర్చుండుట మేలు. మూడు, ఒకే వాక్యమును చదివి దానినే తలపోయుడు. నాలుగు, ఒకనాడు తప్పినచో మఱునాడు రెట్టింపు చేయబోక, అదే వేళకు అంతే సేపు కూర్చుండుడు.

పది నిమిషములవలన ఏమి ఫలమని యడుగుదురేమో. ఒకనాడు లెక్కల పుస్తకము తేని బాలుని తరగతి యెదుట అబద్ధికుడంటిని. మఱునాటి యుదయమున మౌనముగా కూర్చుండగా వాని ముఖమే నా యెదుట నిలిచెను. నేనేమియు విచారింపకయే తీర్పు తీర్చితినని తోచినది. విచారింపగా వాడు చెప్పినది నిజమే. ఆ తరగతి యెదుటనే వానిని క్షమాపణ వేడితిని. ధ్యానము నాకు దర్శనము నీయలేదు. నా తప్పును చూపినది. నాకదియే చాలును.

1854 జనవరి 1వ తేదీ వేకువను ఒంగోలు కొండపై జూయెట్ దొరగారును, వారి భార్యయు, ముగ్గురు తెలుగు క్రైస్తవులును కూడి ప్రార్థించిరి. క్లౌ దొరగారు ఆ యూర నివసింప వచ్చినది 1866లో. నడుమ పండ్రెండేండ్లు గడచినవి. ఫలమునకై తొందరపడువారు దీనిని తలంచుకొనవలెను.

తలిదండ్రులారా, ఉదయమున పది నిమిషములు టెలివిజను కట్టివేసి, బిడ్డల ప్రక్కను మీరును కూర్చుండుడు. ధ్యానింపుమని నూఱుసార్లు చెప్పుటకంటె అది మేలు.

నన్ను ప్రశ్నించిన బాలుడిప్పుడు పదియవ తరగతిలో నున్నాడు. మనస్సు ఇంకను మైదానమునకు పోవుచునే యున్నదట. అయితే పిలిచినంతనే మరలి వచ్చుచున్నదట.