సీరియల్‌లో పాత్ర చనిపోతే మీ అమ్మాయి ఎందుకు ఏడుస్తుంది?



2022లో ‘కార్తీకదీపం’ సీరియల్‌లో వంటలక్క, డాక్టర్ బాబు చనిపోయినట్టు చూపించినప్పుడు చాలామంది పెద్దవాళ్లే బాధపడ్డారు. ఆ పాత్రలు తర్వాత తిరిగొచ్చాయి కూడా. మరి ఇంటర్ చదివే మీ అమ్మాయి తనకిష్టమైన పాత్ర కోసం కన్నీళ్లు పెట్టుకుంటే “పిచ్చా నీకు?” అనేస్తే ఎలా?

మనం ఎరిగిన, మనల్ని ఎరగని పాత్రతో ఏర్పడే ఈ ఒకవైపు అనుబంధాన్ని సైకాలజీలో ‘పారాసోషల్’ సంబంధం అంటారు. 1956లో హోర్టన్, వోల్ అనే పరిశోధకులు దీన్ని వివరించారు.

ఈ అనుబంధం అందరిలో ఒకేలా ఉండదు. దానికి ఒక కారణం అటాచ్‌మెంట్ స్టైల్, అంటే దగ్గరివాళ్లను మనం ఎంతవరకు నమ్మగలం అనే అలవాటు. ఏడిస్తే ఎవరో ఒకరు వస్తారన్న నమ్మకం పసితనంలోనే మొదలవుతుందని జాన్ బౌల్బీ, మేరీ ఐన్స్‌వర్త్ చెప్పారు. కొందరు నిశ్చింతగా ఉంటారు. కొందరికి “నన్ను వదిలేస్తారేమో” అనే భయం. ఇంకొందరు ఎవరికీ దగ్గరవ్వరు.

1999లో కోల్, లీట్స్ అమెరికాలో కాలేజీ విద్యార్థులను పరిశీలించారు. వదిలేస్తారనే భయం ఉన్నవాళ్లే టీవీ పాత్రలతో ఎక్కువగా ముడిపడ్డారు. దూరంగా ఉండేవాళ్లు అందరికంటే తక్కువ, నిశ్చింతగా ఉండేవాళ్లు మధ్యలో. 2004లో జొనాథన్ కోహెన్ ఇజ్రాయెల్ ప్రేక్షకులను, ఇష్టమైన పాత్ర ఇక కనిపించకపోతే ఎలా ఉంటుందని అడిగారు. ఎక్కువ బాధ పడతామన్నదీ ఆ భయం ఉన్నవాళ్లే.

ఎందుకంటే పాత్ర రోజూ అదే టైముకి వస్తుంది. తిట్టదు, అలగదు, మార్కులు అడగదు. కానీ మనం పిలిస్తే పలకదు. ఆ పలికే పని ఇంట్లోవాళ్లదే.

ఇంట్లో ఏం చేయొచ్చు?

రిమోట్ లాక్కునే ముందు “ఆ అమ్మాయిలో నీకేం నచ్చింది?” అని అడగండి. “ఆమె మాట ఇంట్లో అందరూ వింటారు” అని చెబితే, తను కోరుకునేదేమిటో మీకు అర్థమవుతుంది. వారానికోసారైనా పక్కన కూర్చుని ఆ ఎపిసోడ్ చూడండి. మధ్యలో మార్కుల ఊసెత్తకండి. చూస్తూ ఏడ్చినంత మాత్రాన మీ అమ్మాయికి ఏదో సమస్య ఉందని పేరు పెట్టేయకండి. నిద్ర, చదువు, స్నేహితులు దూరమవుతుంటే మాత్రం క్లాస్ టీచర్‌తోనో, కౌన్సెలర్‌తోనో మాట్లాడండి.

ఏ సీరియలైనా ఒకరోజు అయిపోతుంది. ఆ రోజు తన బాధ చెప్పుకోవడానికి అమ్మాయి మొదట మీ దగ్గరికే రావాలి.