ఇంట్లో తుపాకి ఉన్న మనవాళ్ళకు

రైల్వే రక్షక దళం (ఆర్.పి.ఎఫ్.)లో నా సర్వీసు చాలావరకు కోత్‌లోనే గడిచింది. ఆయుధాలు దాచే గదిని మేము కోత్ అంటాం. డ్యూటీకి బయల్దేరే జవాను అక్కడ సంతకం పెట్టి తుపాకి తీసుకుంటాడు, తూటాలు లెక్క చూసుకుంటాడు. డ్యూటీ దిగాక రెండూ అప్పగించి గాని బ్యారక్‌కు వెళ్ళడు. భద్రత గురించి ఏదైనా రాయమని మన కమిటీవారు అడిగినప్పుడు నా మనసులోకి వచ్చింది ఆ గదే. ఎందుకంటే మన ఇళ్ళలో కోత్ లేదు, బీరువా ఉంది.

మన తెలుగిళ్ళలో తుపాకులెక్కడివి అని కొందరు అడుగుతారు. ఎక్కువ లేవు, నిజమే. కాని బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో మన తాతలు ఏ శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి ఇక్కడికి, ఈ బిలాస్‌పూర్‌కు వచ్చారో, ఆ పల్లెలే సైన్యానికీ బిడ్డలను పంపాయి. అలా సైన్యంలో చేసి వచ్చి బిలాస్‌పూర్‌లో అన్నల దగ్గరో బావల దగ్గరో స్థిరపడ్డవాళ్ళు మనలో ఉన్నారు. వాళ్ళలో కొందరు బ్యాంకు కాపలాకు, నగల దుకాణాల కాపలాకు సొంత లైసెన్సు మీద పన్నెండు బోరు తుపాకి కొనుక్కున్నారు. ఆ ఉద్యోగం మానేసినా తుపాకి ఇంట్లోనే ఉండిపోతుంది. దిగులుతో ఉన్న మనిషి చేతికి అది అందుతుందన్నదే నా భయం.

జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది తమ ప్రాణం తామే తీసుకున్నారు. లక్ష జనాభాకు దేశం మొత్తం మీద 12.4 మందయితే, మన ఛత్తీస్‌గఢ్‌లో 28.2 మంది. ఇందులో తుపాకి పాలు చాలా తక్కువ. అయినా దాని గురించే రాస్తున్నాను, ఎందుకంటే తుపాకి రెండో అవకాశం ఇవ్వదు. ఇంకో దారిలో ప్రయత్నించినవాళ్ళను ఆసుపత్రికి చేర్చి బతికించుకున్న సందర్భాలు ఎన్నో ఉన్నాయి. అలా బతికి బయటపడ్డవాళ్ళలో పదింట తొమ్మిదిమంది తర్వాత ఆత్మహత్యతో చనిపోరని పరిశోధనలు చెబుతున్నాయి. చావాలన్న ఆ తీవ్రమైన తలంపు చాలామందిలో గంటల్లోనే, కొందరిలో నిమిషాల్లోనే సద్దుమణుగుతుంది. ఆ కాస్సేపూ చేతికి ఏమీ అందకుండా ఉంటే మనిషి మిగులుతాడు.

ఇది నా ఊహ కాదు. ఇజ్రాయెల్ సైన్యం 2006లో ఒక చిన్న మార్పు చేసింది: వారాంతపు సెలవుకు ఇంటికి వెళ్ళే కుర్ర సైనికులు తుపాకి శిబిరంలోనే వదిలి వెళ్ళాలి. అంతే, వాళ్ళలో ఆత్మహత్యలు సుమారు 40 శాతం తగ్గాయి. శ్రీలంకలో అతి విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించాక అక్కడి ఆత్మహత్యలు సగానికి పైగా తగ్గాయి. డాలస్‌లోనో అట్లాంటాలోనో పిల్లలున్నవాళ్ళు ఇంకో లెక్క కూడా చూడండి. 2021లో అమెరికాలో తుపాకుల వల్ల పోయిన 48,830 మందిలో 26,328 మందివి ఆత్మహత్యలే. పిల్లలు ఫోన్ చేసినప్పుడు, గదిలో తోడుండేవాళ్ళ దగ్గర తుపాకి ఉందా అని ఒక్క మాట అడగండి. అడిగితే తప్పేమీ లేదు.

ఇక మా ఇంటి సంగతి. మా బావగారు సైన్యంలో చేశారు, తర్వాత బ్యాంకు కాపలా చేశారు. ఆ ఉద్యోగమూ అయ్యాక ఆయనకు నిద్ర పట్టేది కాదు, తిండి సయించేది కాదు, ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. తుపాకి ఇంట్లో ఉండకూడదని అక్క అనుకుంది. ఒకసారి ఠాణాకు వెళ్ళి అడిగింది. లైసెన్సు ఎవరి పేరున ఉందో ఆయన్నే రమ్మనమన్నారు. మరోసారి వెళ్తే పెద్ద సారు లేరన్నారు. బావని తీసుకువెళ్ళాలంటే ఎందుకో ఆయనకు చెప్పాలి, ఆ మాట ఎలా ఎత్తాలో అక్కకు తెలియలేదు. ఈలోపే ఆయన మాకు దక్కకుండా పోయారు. అక్క ఇప్పుడు టెక్కలిలో ఉంటోంది.

అందుకని తుపాకి జమ చేసే పద్ధతిని మిగతావాటికన్నా కాస్త వివరంగా రాస్తాను. లైసెన్సుదారు తుపాకిని ఠాణాలో గాని, లైసెన్సు ఉన్న ఆయుధాల దుకాణంలో గాని జమ చేయవచ్చు. జమ చేస్తే లైసెన్సు పోతుందని మనవాళ్ళలో ఒక భయం ఉంది. పోదు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఎంతోమంది జమ చేసి, అయ్యాక తెచ్చుకోవడం లేదా? దుకాణంవాడు నెలకింతని అద్దె తీసుకుంటాడు, కాని పని త్వరగా అవుతుంది. రసీదు తప్పక తీసుకోండి. అందులో తుపాకి నంబరు, బోరు, తూటాల సంఖ్య విడివిడిగా ఉండాలి. తుపాకి ఇచ్చేసి తూటాలు సొరుగులో మరిచిపోయిన ఇళ్ళను నేను చూశాను. తుపాకి అక్కడున్నా రెన్యువల్ గడువు ఆగదు, ఆ తేదీ గుర్తుంచుకోండి.

లైసెన్సు ఉన్న మనిషి జమ చేయడానికి ఒప్పుకోకపోతే? ఆయుధ చట్టం, 1959లోని 17వ సెక్షన్ ప్రకారం లైసెన్సుదారు మానసికంగా బాగా లేరని గాని, మరే కారణంగానైనా తగినవారు కారని గాని తోస్తే లైసెన్సు ఇచ్చిన అధికారి దాన్ని నిలిపివేయవచ్చు, రద్దూ చేయవచ్చు. భార్య అయినా కొడుకైనా కలెక్టరేట్‌లో రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. నోటిమాటగా అడిగితే రేపు రమ్మంటారు, కాగితానికి జవాబు చెప్పాల్సి వస్తుంది. ఈ రాత్రే ప్రమాదమని తోస్తే మనిషిని ఒంటరిగా వదలకుండా 112కి ఫోన్ చేయండి. ఒక్క పని మాత్రం చేయకండి: తుపాకిని తీసుకెళ్ళి మేనమామ ఇంట్లోనో పక్కింట్లోనో దాచడం. లైసెన్సు లేనివాడి దగ్గర తుపాకి ఉంటే నేరమే, తూటాలున్నా నేరమే.

లైసెన్సుదారు కాలం చేసిన ఇళ్ళలో ఇంకో చిక్కుంది. ఆయనతోపాటే లైసెన్సూ ముగుస్తుంది. దినవారాలు అయ్యేదాకా తుపాకి ఎవరికీ గుర్తు రాదు. గుర్తొచ్చాక, ఇన్నాళ్ళూ ఎందుకు ఉంచారని పోలీసులు అడుగుతారేమోనని బీరువాలోనే వదిలేస్తారు. అదే ఇంట్లో తండ్రి పోయిన దిగులుతో ఓ కుర్రాడుంటాడు. 21వ సెక్షన్ ప్రకారం అనవసర జాప్యం లేకుండా జమ చేయాలి. ఆ తర్వాత వారసులు తమ పేర లైసెన్సు కోరవచ్చు, లేదా అమ్మేయవచ్చు. తండ్రి గుర్తుగా ఉంచుకుందామనుకునే పిల్లలకు నా మనవి: ఆయన పతకాలు ఉంచుకోండి, యూనిఫాంలో ఫోటో ఉంచుకోండి.

మాట ఎలా ఎత్తాలన్నది అన్నిటికన్నా కష్టం. సైన్యంలో చేసినవారికి కోత్ కొత్త కాదు. “కొన్నాళ్ళు కోత్‌లో పెడదాం బాబాయ్, మీరు కోలుకున్నాక తెచ్చుకుందాం” అంటే దాన్ని అవమానంగా తీసుకోరు. ఈ మాట పిల్లలకన్నా తోటి రిటైర్డు మనిషి చెబితే బాగా వింటారు. చావు ఆలోచనలు వస్తున్నాయా అని సూటిగా అడగడానికీ జంకకండి. అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. పోలీసు కేసవుతుందన్న భయంతో వైద్యం దాచిపెట్టనక్కరలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడమంటుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ లేదు.

సెందరీలో రాష్ట్ర మానసిక ఆసుపత్రి మనకు దగ్గరలోనే ఉంది. మన పెద్దవాళ్ళు డ్యూటీ అంతా హిందీలో చేసినా కడుపులో బాధ తెలుగులోనే చెబుతారు. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు రెండు భాషలూ వచ్చినవారు ఎవరైనా తోడు వెళ్ళండి. టెలీ మానస్ 14416కు రాత్రీ పగలూ ఫోన్ చేయవచ్చు, ఆ సేవ ఇచ్చే 20 భాషల్లో తెలుగూ ఉంది. మన పిల్లలు కూడా తెలుగులో నాలుగు మాటలు నేర్చుకుంటే తాతగారి పక్కన కూర్చుని ఆయన చెప్పేది వినగలుగుతారు. ఏ ఇంట్లో చావు జరిగినా పిలవకుండానే వెళ్ళి, పెద్దకర్మ దాకా అన్నం వండిపెట్టే జనం మనం. దిగులుతో ఉన్న ఇంటికీ అలాగే వెళ్ళగలం. ఠాణాకైనా, కలెక్టరేట్‌కైనా తోడు కావలసినవారు కమిటీవారితో చెప్పండి. అర్జీ హిందీలో నేను రాసి పెడతాను, మీతోపాటు వస్తాను కూడా.