గుండె మందు – పసుపు చూపు

పచ్చకామెర్లవానికి లోకమంతయు పచ్చగా కనబడునని సామెత. నిజమునకు కామెర్లలో అట్లు కనబడుట బహు అరుదు. కాని గుండె నీరసించిన రోగులకిచ్చు డిజాక్సిన్ అను మందు ఒంట్లో మితిమీరినప్పుడు, తెల్లని వస్తువులు పసుపుగా కనబడుట కలదు.

ఈ జాతి మందులకు మూలము ఐరోపాలో పెరుగు డిజిటాలిస్ అను పూలమొక్క. దాని ఆకులు ఒళ్లు నీరుపట్టిన రోగులకు మేలుచేయునని 1785లో విలియం విథరింగ్ అను ఆంగ్ల వైద్యుడు గ్రంథమున వివరించెను. మోతాదు హెచ్చినచో వాంతులు, తలతిప్పుట కలుగుననియు, వస్తువులు పసుపుగనో ఆకుపచ్చగనో తోచుననియు ఆనాడే వ్రాసెను. 1930లో మరియొక జాతి డిజిటాలిస్ నుండి డిజాక్సిన్‌ను వేరుచేసిరి.

గుండెకిచ్చిన మందు కంటిని, మెదడును ఏల తాకును? మన కణముల పొరలలో పంపు వంటి ప్రోటీను కలదు. అది 3 సోడియం అయానులను వెలుపలికి నెట్టి, 2 పొటాసియం అయానులను లోనికి తెచ్చుచుండును. దీనిని 1957లో వెల్లడించిన డెన్మార్కు శాస్త్రజ్ఞుడు యెన్స్ స్కౌకు 1997లో నోబెల్ బహుమతి లభించెను. డిజాక్సిన్ ఈ పంపును కొంత అడ్డగించును. అందువలన గుండె కండరములో సోడియం, దానివెంట కాల్షియం పెరిగి, ముడుచుకొను బలము హెచ్చును. ఇది మేలే. కాని అట్టి పంపులే కంటి రెటీనాలోను, నాడీకణములలోను కలవు. మందు మితిమీరినచో అచ్చటి పనియు చెడి, రంగులు మారుట, మతి తికమకపడుట, లేనివి కనబడుట సంభవించును.

సికిందరాబాదు రెజిమెంటల్ బజారులో ఒక వృద్ధుడు ఈ మాత్రలు వాడుచున్నాడనుకొందము. మూత్రము హెచ్చించు మందులవలన గాని, విరేచనములవలన గాని పొటాసియం తగ్గినచో, డిజాక్సిన్ పంపును మరింత గట్టిగా పట్టుకొనును. మూత్రపిండములు మందగించినచో మందు బయటికి పోక రక్తములో నిలిచిపోవును. కనుక మోతాదు మారకున్నను విషలక్షణములు కలుగవచ్చును. ఇంటివారు ముసలితనపు చాదస్తమని ఊరకుండుట అపాయకరము. అదే సమయమున గుండె లయ తప్పి ప్రాణమునకే ముప్పు రావచ్చును. ఇట్టి మార్పు కనబడిన వెంటనే రోగిని వైద్యునికి చూపి, వాడుచున్న మందులన్నియు తెలుపవలెను. రక్తపరీక్షవలన మందు పాలు, పొటాసియం పాలు తెలియును. విషమము తీవ్రమైనచో విరుగుడు మందును కలదు. లక్షణములు లేనప్పుడు, వైద్యుని అడుగక మాత్రలు మానుటయు తగదు.

మన పెరళ్లలో పూచు పచ్చగన్నేరు గింజలలోను ఈ జాతి పదార్థములే కలవు. వానిని తినుట ప్రాణాంతకము. ఉపాధ్యాయులు ఆ చెట్టును పిల్లలకు చూపి, ఈ సంగతి తెలుపుట మంచిది.